ఉక్కన్న ఎడమ అడుగు

ఎర్రగుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి ఉండేది. చుట్టూ తుమ్మకంప, లోపల ఒక మూల రాతిగోడతో కట్టిన చిన్న గూడు. పొద్దున్నే మంద గుట్టెక్కి మేతకు పోతే, నడక చాలని పసి గొర్రెపిల్లలు తల్లులు తిరిగొచ్చేదాకా ఆ గూటిలోనే ఉండేవి. గూటికి తలుపు లేదు. గోడలో ఒక సందు, ఆ సందు ముందు అడ్డంగా పడుకునే ముసలి పొట్టేలు ఉక్కన్న. అంతే కాపలా.

ఉక్కన్న పేరు వింటే ఒకప్పుడు జాతరల్లో జనం చూపు ఆనక చెట్లెక్కేవాళ్లట. ఈ మాట నాది కాదు, గంగులుది. గంగులు ఆ దొడ్డి గాడిద. మంద ఊరూరూ తిరిగిన రోజుల్లో వంటసామాను, కంబళ్లు మోసినవాడు. అందుకని ఉక్కన్న ఆడిన ప్రతి పందెమూ దగ్గరుండి చూశాడు. ఇప్పుడు బరువుల్లేవు, కడుపుకు గడ్డి ఉంది, పొద్దు ఎంతకీ తరగదు. ఇంకేం కావాలి? లేచింది మొదలు పాత పందేల ముచ్చట్లే. గంగులు గొంతు సవరించుకుంటే చాలు, కోళ్లకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

ఒకనాడు కోడిపుంజు మొహం మీదే అడిగేసింది.

“ఏమి గంగులన్నా, గెలిచింది ఆయనైతే అరిచేది నువ్వా?”

“గెలిచేవాడు గెలుస్తాడప్పా. చెప్పేవాడు లేకుంటే ఆ గెలుపు జాతర దుమ్ములోనే కలిసిపోతాది.”

ఉక్కన్న మాత్రం నెమరు ఆపకుండానే “ఇంక చాల్లేరా” అనేవాడు. గంగులుకు అదీ గొప్పగానే తోచేది. ఉక్కన్న పడుకుంటే పూటంతా లేవకపోవడం గొప్ప. లేచేటప్పుడు మోకాళ్ల మీద ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్కో కాలూ ఎత్తడం ఇంకా గొప్ప.

“చూసినారా, మా అన్నకు తొందర ఉండదు. పందెంలోనూ ఇంతే!” అని పిల్లలకు చూపించి మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం మంద గుట్ట మీద ఉంది. కాపరి ఓబన్న, కుక్కలు మంద వెంట ఉన్నారు. ఉక్కన్న కళ్లు మూసుకుని పడుకున్నాడు. అప్పుడు కంప అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

“ఉక్కన్న ఉండే దొడ్డి ఇదేనా సామీ?”

గంగులు చెవులు నిక్కాయి. చూస్తే నక్క. పేరు చిత్తయ్య. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, గుడి మెట్ల ముందు నిలబడినవాడిలా ఒదిగి ఉన్నాడు.

“నక్కవు కదప్పా, నీకు ఈడ ఏం పని?”

“పని కాదన్నా, దర్శనం. మా నాయన గుట్టకింది జాతరలో పొదమాటు నుంచి ఆయన పందెం చూసినాడంట. చచ్చేదాకా అదే చెప్పినాడు. చూసినోళ్లు ఎవరన్నా ఉంటే ఇంకోసారి విందామని వచ్చినా.”

నక్కను నమ్మకూడదని గంగులుకు తెలియక కాదు. కానీ తనంతట తాను వచ్చి కథ చెప్పమని అడిగినవాడు దొరికి ఎన్నాళ్లయింది! ఆకలిగొన్నవాడి ముందు విస్తరి వేసినట్టయింది. కంప దగ్గరికి పోయి చతికిలబడ్డాడు.

“ఆ ఒక్క జాతరేంది, మొదటి నుంచి చెప్తా విను. మామూలు పొట్టేళ్లు ఏం చేస్తాయి? తల వంచుతాయి, ఉరుకుతాయి, గుద్దుతాయి. తల పగిలేదాకా అదే పని. మా అన్న అట్ల కాదు. బరిలోకి దిగితే ముందు వెనక్కి నడుస్తాడు. చూసేవాళ్లు భయపడినాడని ఈల వేస్తారు. ఈయన ఎదుటోడి కొమ్ములు చూడడు, భుజాలు చూస్తాడు. వాడు ఉరికొస్తాడు. వస్తాడు, వస్తాడు, ముక్కు ముక్కు తగిలేంత దగ్గరికి వస్తాడు. అప్పుడు...”

“అప్పుడు?”

“ఒక్క అడుగు పక్కకు! అంతే. ఎదుటోడు గాలిని గుద్ది ముందుకు తూలతాడు. పక్కటెముకలు దొరుకుతాయి కదా, అక్కడ ఒక్క పోటు. కొట్టేది ఎవరికైనా వస్తాదప్పా. తప్పుకునేది చూడాలంటే మా అన్ననే చూడల్ల.”

చిత్తయ్య కళ్లు చెమ్మగిల్లాయి. ఆ నీళ్లు ఎట్లా తెప్పించుకున్నాడో మరి. “ఆహా! ఏ పక్కకన్నా?”

“ఎడమకు. ఎప్పుడూ ఎడమకే. కుడికి జరగంగ నేను చూడలే.”

“ఎంత పెద్దోడు వచ్చినా?”

“బండకొమ్ములోడు దూడంత ఉండె. వానికీ ఎడమ అడుగే. ఆ పొద్దు చూడల్ల, తప్పెటలు ఆగిపోయినాయి!”

“అంటే, ఎవరు ఉరికొచ్చినా ఆయన నిలబడిన చోటు ఖాళీ అయిపోతాదన్నమాట.”

“అదే కదా ఆయన విద్దె! సరే, ఇప్పుడు అసలు కథ ఉంది. ఆయన ఓడిపోయిన రోజు...”

“ఇంకోసారి వింటాలే అన్నా, పొద్దు పోతాంది” అని చిత్తయ్య దండం పెట్టి పొదల్లోకి వెళ్లిపోయాడు.

గంగులు కాసేపు హాయిగా కూర్చున్నాడు. ఆ తర్వాత ఏదో ముల్లులా మనసును కెలకసాగింది. ఓడిపోయిన కథ వద్దన్నాడు! ఎర్ర పొట్టేలు చేతిలో ఉక్కన్న పడిపోయిన రోజు అది. ఇంటికొచ్చే దారంతా గంగులు సామాను మోస్తూ పక్కనే నడిచాడు. ఏటి దగ్గర ఉక్కన్న నీళ్లు తాగకుండా నిలబడి, “తొందరపడి ముందే జరిగినా గంగులూ. కడదాకా ఆగల్ల” అన్నాడు. ఆ ఒక్క మాటతో మరుసటేడు అదే ఎర్ర పొట్టేలును మట్టి కరిపించాడు. ఉక్కన్నను ప్రేమించేవాడెవడైనా ఆ కథ వినకుండా లేస్తాడా? గెలుపులు ఊరందరికీ కావాలి. ఓటమి గురించి అడిగేవాడే అసలైన అభిమాని. మరి వీడు అడిగిందేమిటి? ఏ పక్కకు అని. చోటు ఖాళీ అవుతుందా అని.

గంగులు దిగ్గున లేచాడు. ఉక్కన్న నిలబడిన చోటు ఖాళీ అయితే వెనక ఉన్నది పసిపిల్లల గూడు!

“అయ్యో నా నోరు పడిపోనూ! ఇంటి గుట్టు నేనే అప్పజెప్పినానే!” అనుకుంటూ గూటి వైపు పరుగెత్తాడు. చెప్పేయాలి. కానీ ఏమని చెప్పాలి? నీ గొప్పలు చెప్పి నీ పిల్లలను నక్క నోటికి అందించానని చెప్పాలా?

విచిత్రంగా ఉక్కన్న అప్పటికే లేచి నిలబడ్డాడు. పొద్దుగూకేదాకా కదలనివాడు, సందుకు అడ్డంగా, కుడి భుజం రాతిగోడకు ఆనించి నిలుచున్నాడు.

“అన్నా, ఒక మాట...”

“పక్కకు ఉండు గంగులూ. దారికి అడ్డం రావద్దు.”

గంగులు నోరు తెరిచేలోపే కంప కదిలింది. కింద సందు చేసుకుని చిత్తయ్య లోపలికి దూరాడు. ఈసారి తోక కాళ్ల మధ్య లేదు. గూటిలో పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి మే మే అని ఏడ్చాయి.

“ఏం ముసలోడా, బాగుండావా?” అన్నాడు చిత్తయ్య.

ఉక్కన్న తల కొంచెం వంచాడు. నక్క భుజాల వైపు చూశాడు.

చిత్తయ్య లెక్క తేలికే. పొట్టేలు మీదికి ఉరికినట్టు ఉరకాలి. అది ఎడమకు జరుగుతుంది. తాను ఆగకుండా నేరుగా గూట్లోకి పోయి, దొరికిన పిల్లను పట్టుకుని గోడ దూకాలి. బలమంతా కాళ్లలోకి తెచ్చుకుని, బాణంలా వచ్చాడు.

“ఎడమకు వద్దన్నా!” అని గంగులు ఓండ్ర పెట్టాడు.

చిత్తయ్య వచ్చాడు. ముక్కు ముక్కు తగిలేంత దగ్గరికి వచ్చాడు. ఉక్కన్న జరగలేదు.

పొట్టేలు కొండను ఢీకొన్నట్టు అని సామెత. ఆ రోజు నక్క కొండను ఢీకొంది. ఠప్ మన్న చప్పుడుకు కోళ్లన్నీ గాల్లోకి లేచాయి. చిత్తయ్య గిరికీలు కొట్టి తుమ్మకంప మీద వెల్లకిలా పడ్డాడు. ముక్కు వాచిపోయింది, వీపు నిండా ముళ్లు. ఎలాగో లేచి, కుంటుకుంటూ కంపలోని సందు దాకా పోయి వెనక్కి తిరిగాడు.

“ఓరి అబద్ధాల గాడిదా! ఎడమకు జరుగుతాడంటివే!”

గంగులుకు పౌరుషం పొడుచుకొచ్చింది. “మా అన్న గురించి నేను అబద్ధమాడనే!”

ఆ మాట వినడానికి నక్క అక్కడ లేదు. వినిపించినంత దూరం దాని కుయ్యోమొర్రో మాత్రం వినిపించింది.

అప్పుడు గంగులు తల వేలాడేసుకుని వచ్చాడు. “తప్పు చేసినానన్నా. అంతా నేనే చెప్పినా.”

“విన్నా లేరా. కళ్లు మూసుకున్నానే కానీ చెవులు మూసుకోలే. నువ్వు చెప్పినందుకే వాడు ఏ దారిన వస్తాడో నాకు తెలిసింది. వచ్చేలోపల లేచి నిలబడితే చాలనుకున్నా.”

“మరి ఎడమకు ఎందుకు జరగలే?”

ఉక్కన్న నవ్వాడు. “జరిగే మోకాలు యాడుందిరా? రెండు వానాకాలాలు దాటిపాయె, ఆ అడుగు నన్ను విడిచిపెట్టి. నువ్వు దినామూ నన్నే చూస్తాంటివి, కనపడలేదా?”

గంగులు చూశాడు. చాలాకాలానికి నిజంగా చూశాడు. గోడకు ఆనించిన భుజం, వాచిన మోకాలు, వణుకుతున్న ముందరి కాలు. బండకొమ్ములోడిని పడగొట్టినవాడు కాదు, ఒక ముసలి పొట్టేలు. ముందు దుఃఖం వచ్చింది. ఆ వెంటనే చెప్పలేనంత సంతోషమూ వచ్చింది. ఇన్ని పందేలు చూశాడు గానీ, ఒక్క అడుగూ వేయకుండా గెలిచిన పందెం ఇదే. దాన్నీ తానే చూశాడు!

“గంగులూ, వాడు వినకుండా పోయినాడు కదా, ఆ ఓడిపోయిన కథ చెప్పు. నేను వింటా” అన్నాడు ఉక్కన్న. ఇన్నేళ్లలో అతను కథ అడగడం అదే మొదలు. మంద గుట్ట దిగి వచ్చేదాకా గంగులు ఏ ముక్కా వదలకుండా చెప్పాడు.

మరునాడు పొద్దున ఉక్కన్న మోకాళ్ల మీద ఆగి ఊపిరి తీసుకుంటుంటే, గంగులు మెల్లగా పోయి పక్కన నిలబడ్డాడు. ఉక్కన్న ఆ పక్కకు భుజం ఆనించి లేచాడు. గూట్లోంచి పిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి.

“చూసినారా, మా అన్నకు తొందర ఉండదు” అన్నాడు గంగులు.

నీతి: నిన్నటి కథ విని ఉరికేవాడికి ఇవాళ్టి గోడ కనిపించదు.