వెచ్చని చేప

ఇస్తాంబుల్ బజారులో బొంతలు కుట్టి అమ్ముకునే ఇద్రీస్, సూఫీ గురువు షేక్ బుర్హాన్‌కు శిష్యుడు. ఒక సాయంత్రం అతను గురువు దగ్గరకు వచ్చి, దుకాణం మూసేసి కొండల్లోకి వెళ్ళిపోతానని, అనుమతి ఇమ్మని అడిగాడు. ఈ సంగతి భార్యకు ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

గురువు సన్నిధిలో ఉన్నంతసేపూ దైవస్మరణతో గుండె వెచ్చగా ఉంటుందట. బజారులో నాలుగు బేరాలు ఆడేసరికి చల్లబడిపోతుందట.

గురువు అంతా విన్నాడు. "పొద్దున్నే నాతో రేవుకు రా" అన్నాడు.

చలి మొదలైన రోజులవి. రేవులో గురువుగారి పాత స్నేహితుడు, జాలరి యోర్గి, అప్పుడే ఒక చేపను ఒడ్డుకు లాగించాడు. నీలిరెక్కల ట్యూనా. మనిషి కంటే పొడుగు. వీపు ముదురు నీలం, పొట్ట వెండి, తోక నెలవంక. నీటిని ఎక్కడా అడ్డుకోకుండా పక్క రెక్కలు ఒంటిమీది గాడుల్లోకి ఒదిగిపోయాయి. ఇద్రీస్ కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

ఇవి వసంతంలో వెచ్చని దక్షిణ సముద్రం నుంచి ఈ ఇరుకు జలసంధి గుండా నల్లసముద్రానికి పోయి, చలి ముదిరేలోగా తిరిగి వస్తాయని యోర్గి చెప్పాడు. పుట్టింది మొదలు ఈత ఆపవట. ఆపితే ఊపిరాడదట.

గురువు చొక్కా చేతులు పైకి మడిచి, చేపను శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. ఇద్రీస్‌ను నీళ్ళు తెమ్మన్నాడు. సముద్రంలో బాల్చీ ముంచి తెచ్చేసరికి ఇద్రీస్ వేళ్ళు కొంకర్లు పోయాయి.

యోర్గి చేప పొట్ట చీల్చాడు.

"చెయ్యి లోపల పెట్టు" అన్నాడు గురువు.

ఇద్రీస్ పెట్టి, ఉలిక్కిపడ్డాడు. లోపల ఆవు పొదుగులా వెచ్చగా ఉంది.

"సముద్రం మంచులా ఉంది హజ్రత్. మరి ఇది..."

ఇద్రీస్ చెయ్యి అలాగే ఉంచి, నీళ్ళకేసి చూస్తూ కూర్చుండిపోయాడు.

కాసేపటికి గురువు అన్నాడు: "ఇక తియ్యి నాయనా. యోర్గి వాళ్ళకు పనుంది."

ఆ మధ్యాహ్నం ఇద్రీస్ కొండల మాట ఎత్తకుండా వెళ్ళి దుకాణం తెరిచాడు. ఒక ముసలమ్మ బొంత కోసం చాలాసేపు బేరమాడి, మధ్యలో తన మోకాళ్ళ నొప్పుల సంగతీ చెప్పుకుంది. అతను కుడుతూనే అంతా విన్నాడు.

సాయంత్రం గురువు దగ్గర దైవస్మరణకు వచ్చేసరికి అతని ఒంటినిండా చేపల వాసన. పక్కవాళ్ళు కాస్త దూరం జరిగారు. గురువు తన చాప మీద సగం చోటు ఖాళీ చేసి, అతన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.