తోడుతీగ గుట్ట

పిల్లలూ, ఈ బట్టలు ఆరేయడం కాసేపు ఆపి ఒక కథ చెబుతాను. ఒక తీగను మొదలు దగ్గర నరికేస్తే ఏమవుతుంది? ఎండిపోతుంది అంటారు. చాలా తీగల విషయంలో అది నిజమే. తోడుతీగ గుట్ట మీది తీగ సంగతి మాత్రం వేరు, వినండి.

మడుగుపల్లెకు ఉత్తరాన వాగు దాటి అరకోసు నడిస్తే తోడుతీగ గుట్ట వస్తుంది. పైన గుడి లేదు, గోపురం లేదు. ఒక ముసలి వేపచెట్టు, దాని నిండా అల్లుకున్న తిప్పతీగ, చెట్టు ముందు చదునైన బండ, అంతే క్షేత్రం. అమ్మవారు ఆ వేపచెట్టులోనే ఉన్నదని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారు అక్కడ తీగ కోయరాదు. ఆ కట్టుబాటు ఎలా వచ్చిందో చెబుతాను.

పూర్వం అక్కడికి ఎవరూ ఇష్టపడి వచ్చేవారు కారు. పల్లెలో ఎవరికి చలిజ్వరం తగిలినా తెచ్చి గుట్ట మీది పాకలో విడిచిపెట్టేవారు. అంబలి ముంత గుట్ట మొదట్లో పెట్టి, ఒక కేక వేసి, వెనక్కి చూడకుండా పోయేవారు. వాళ్ళది భయమే తప్ప పగ కాదు. కానీ పాకలో పడుకున్నవారికి ఆ తేడా తెలిసేది కాదు.

అలా వచ్చినవారిలో బయ్యమ్మ ఒకతె. గొర్రెలు కాచే ఇంటికి పెద్దకోడలు, మొగుడు పోయి రెండేళ్ళయింది. ఐదోనాటి మధ్యాహ్నం జ్వరపు మగతలో ఆకుపచ్చ గాజుల ముసలమ్మ ఒకతె ఆమెకు కనిపించి, "నా ఒంటి మీది తీగ కోసి కాచుకుని తాగు. చేదని ఉమ్మావో, మళ్ళీ రాను" అన్నది. కళ్ళు తెరిస్తే ఎదురుగా వేపచెట్టు, దాని మీద తమలపాకుల వంటి ఆకులతో తిప్పతీగ. వారం తాగేసరికి జ్వరం దిగింది.

బయ్యమ్మ వాగు ఒడ్డుకు వచ్చి తీగ సంగతి కేకవేసి చెప్పింది. అవతలి ఒడ్డు నుంచి అత్త, "మంచిదే తల్లీ, కొన్నాళ్ళు అక్కడే ఉండు" అన్నది. నెల గడిచింది, రెండు గడిచాయి. ఎవరూ రమ్మనలేదు. ఆమె తీగతో మాట్లాడడం అలవాటు చేసుకున్నది. తీగ బదులు చెప్పదు. పొమ్మని కూడా అనదు.

వానాకాలం చివర పల్లెలో మళ్ళీ జ్వరాలు లేచాయి. బయ్యమ్మ ఊటకు నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి నలుగురు గుట్టెక్కారు. ఆమెకు ఎదురుపడక ముందే పోవాలన్న తొందరలో తీగను నేలకు జానెడు ఎత్తున నరికి, చేతికందినంత మేర లాక్కుని మోసుకుపోయారు. ఆమె తిరిగివచ్చేసరికి పైన మిగిలిన తీగ గాలిలో వేలాడుతున్నది.

"ఒక్క మాట అడిగితే నేనే కోసి ఇచ్చేదాన్ని కదా" అన్నది బయ్యమ్మ. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

నాలుగో రోజున తెగిన తీగ నుంచి తెల్లటి దారం వంటి వేరొకటి కిందికి దిగింది. తిప్పతీగ గుణమే అది. నేలతో బంధం తెగిపోతే మళ్ళీ నేలను వెతుక్కుంటుంది. ఆమె రోజూ పొద్దున్నే ఆ దారాన్ని తాకకుండా, అది నేలకు ఇంకెంత దూరమో నాలుగువేళ్ళ బెత్తెలతో కొలిచేది. ఒకపక్క ఆకులు వాడుతున్నాయి. వేరు ముందు నేలను అందుకుంటుందో, తీగ ముందు ఎండుతుందో తెలియదు.

ఇంకా మూరెడు దూరం ఉండగా తోడికోడలు ఈరమ్మ వచ్చింది. చంకలో మూడేళ్ళ కూతురు, ఒళ్ళు పెనంలా కాలుతున్నది. పది అడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"అక్కా, వాళ్ళు తెచ్చింది అయిపోయింది. కొంచెం కోసి అక్కడ పెట్టు. నువ్వు పక్కకు పోతే తీసుకుంటాను."

"కోస్తే ఊగుతుంది. ఊగితే ఈ వేరు తెగుతుంది. ఇక తీగ బతకదే" అన్నది బయ్యమ్మ. "ఒకరు పట్టుకోవాలి, ఒకరు కోయాలి."

ఈరమ్మ కదలలేదు. పిల్ల మూలిగింది. బయ్యమ్మ కొడవలి తీసుకుని చెట్టు దగ్గరికి నడిచింది. తీగ పోతే పోయింది, పిల్ల దక్కాలి. కానీ కొడవలి ఆనించగానే తీగ ఊగబోయింది. అది చూసి ఈరమ్మ బిడ్డను బండ మీద పడుకోబెట్టి, ఆ పది అడుగులూ వచ్చి, రెండు చేతులతో తీగను పొదివి పట్టుకున్నది. మూడు నెలల తరువాత బయ్యమ్మ భుజానికి ఇంకొక మనిషి భుజం తగిలింది.

కషాయం రుచి చూసి ఈరమ్మ ముఖం ముడుచుకున్నది. "ఏం చేదక్కా ఇది."

"మన అత్త నోటి కన్నా నయమే. తాగించు."

మూడు రోజులు ఈరమ్మ అక్కడే ఉన్నది. పిల్ల లేచి అంబలి అడిగిన పొద్దుననే వేరు నేలను తాకింది.

"పద అక్కా, ఇంటికి. ఎవరేమంటారో నేను చూస్తాను."

బయ్యమ్మ నేలను తాకిన వేరు చుట్టూ మట్టి ఎగదోసింది. "రేపు ఇంకెవరైనా ఒంటరిగా వస్తే పట్టుకునేది ఎవరే?" అన్నది. అక్కడే ఉండిపోయింది. ఎన్నేళ్ళు ఉన్నదో, ఏనాడు పోయిందో ఎవరికీ తెలియదు. ఒకనాడు తీగ కోసం వచ్చినవాడికి పాక ఖాళీగా కనిపించింది. ఒక్కడే కోయడానికి మనసు రాక, ఇంకొకరు వచ్చేదాకా బండ మీద కూర్చున్నాడట. అదే ఆచారమైంది.

నేటికీ ఒంటరిగా వచ్చినవారు ఆ బండ మీద కూర్చుంటారు. రెండోవారు రాగానే ముందు పేరు, తరువాత ఎవరికి జ్వరమో అడగాలి. ఆ పైనే కొడవలి. సాయంత్రం దాకా ఎవరూ రాక వట్టి చేతులతో దిగిపోయేవారూ ఉంటారు. వారిని అమ్మ గుర్తుపెట్టుకుంటుందని, పరాయివారి కోసం తీగ పట్టుకున్న చేతికి ఆ ఏడాది జ్వరం సోకదని పెద్దలు చెబుతారు.

సరే, సగం బట్టలు బకెట్లోనే ఉన్నాయి. ఎండ పోకముందే వెళ్ళి ఆరేస్తాను.