చెరసాల సంకటి

ఏ రాజ్యమైతేనేం, జొన్నల ధర కొండెక్కింది, రాజుగారి కొట్లు మాత్రం నిండుగా ఉన్నాయి. ఊరంతా కోట మీద పడింది.

"అరిచినవాళ్ళందర్నీ చెరలో వేయండి" అన్నాడు రాజు, మేడ మీద నుంచే.

నిన్నటి నుంచి పొయ్యి వెలిగించని మేదరి నాంచారమ్మ భటుల ముందుకు చేతులు చాచింది. "కట్టండి నాయనా. ఖైదీలకు రెండు పూటలా సంకటి పెట్టడం మీ తాతల నాటి ఆచారమే కదా, ప్రభూ?"

"ఆ, ఏనాడూ తప్పలేదు" అన్నాడు రాజు గర్వంగా.

అంతే, జనం అరుచుకుంటూ చెరసాల ముందు బారులు తీరారు. భటులు కూడా బల్లేలు గోడకానించి చివర నిలబడ్డారు.

"మీరెందుకురా?"

"మేమూ అరిచాం ప్రభూ. మా జీతం జొన్నలకు చాలడం లేదు."

ఊరందరికీ ఊరికే వండిపెట్టడం కంటే పాత ధరకు అమ్ముకోవడమే నయమని రాజు కొట్లు తెరిపించాడు.

నాంచారమ్మ చేతులు దించింది. "పోనీలెండి, చెరసాల సంకటిలో ఉప్పు తక్కువంటారు."