నూకాలు సణుగుళ్ళ బొంత

రండర్రా, పడుకోండి. ఒరే, దుప్పటంతా నువ్వే లాక్కోకు, చెల్లికీ చలేస్తుంది. ఊ కొట్టడం మానేశారో, కథ అక్కడితో ఆపేస్తాను.

అనగనగనగా, కొండకీ సముద్రానికీ మధ్యన ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలని ఒకావిడుండేదిట. పాత చీరలతో బొంతలు కుట్టడంలో ఆవిడ చెయ్యి ఎంత మంచిదో, నోటికి అంత సణుగుడు. వానొస్తే పిడకలు తడిశాయని సణుగుడు, ఎండొస్తే వడియాల మీద కాకులు వాలాయని సణుగుడు. కూర కుదిరితే తనకి మిగల్లేదని, కుదరకపోతే అంతా మిగిలిపోయిందని. అలాంటిది.

ఆవిడకి చిన్ననాటి స్నేహితురాలు పైడమ్మ, పక్కవీధిలోనే కాపురం. ఆ పైడమ్మకి పెద్ద జబ్బు చేసింది. వైద్యుడొచ్చి చూసి, మందు నేనిస్తాను గానీ కడుపులో ఇంత జావ పడకపోతే మనిషి దక్కదు అన్నాడట.

ఇంకేం, పలకరించడానికి ఊరంతా వచ్చింది. మా పెద్దత్తకీ ఇలాగే మొదలైందమ్మా, పాపం పోయింది అని ఒకావిడ. మా తోడికోడలి తమ్ముడికీ ఇదే జబ్బు, నెల తిరగలేదు అని ఇంకొకావిడ. మంచంలో ఉన్న మనిషి దగ్గర అనాల్సిన మాటలేనా అవి? విని విని పైడమ్మ గోడవైపు తిరిగిపోయింది. మొగుడు చెంచా పట్టుకుని ఎంత బతిమాలినా నోరు తెరవదు.

వింటున్నారా? ఊ అనండి మరి.

అప్పుడు నూకాలొచ్చింది. ఓదార్చడం ఆవిడకి చేతనైతేగా. కుడుతున్న బొంత ఒళ్ళో పెట్టుకుని, మంచం పక్కన చతికిలబడి తన గోడు మొదలెట్టింది. పొద్దున్నే గేదె తన్నింది, పాలన్నీ నేలపాలు, నా బతుకింతే అని.

పైడమ్మ ఇటు తిరగకుండానే, గేదె తన్నిందా, గట్టిగానా అని అడిగింది. నేను పాకలోకెళ్ళి ఎన్నాళ్ళయిందో, ఆ పేడ వాసన కూడా మర్చిపోయాను, మొత్తం చెప్పవే అంది. నూకాలు తెల్లబోయింది. చెబుతూ చెబుతూ ఒక నల్లగుడ్డ ముక్కని గేదెలా కత్తిరించి బొంత మీద కుట్టేసింది. అది చూడ్డానికి పైడమ్మ ఇటు తిరిగింది. తిరగ్గానే నోట్లో చెంచాడు జావ పోసేసింది నూకాలు.

మర్నాడు అత్త తిట్టిందని వచ్చింది. ఎర్రగుడ్డతో అత్త నోరు బొమ్మలా బొంత మీద కుట్టింది. ఆ మర్నాడు చూరు కారిందని వచ్చింది. నీలిదారంతో వాన కుట్టింది. అలా పైడమ్మ తాగిన జావ, గేదెకి ఒక చెంచా, అత్త నోటికి రెండు చెంచాలు, కారే చూరుకి చిన్నగిన్నెడు.

ఇక చూడండి నూకాలు సంబరం. గేదె కాలెత్తితే అమ్మయ్య, ఇవాళ్టికి ఓ కష్టం దొరికింది అనుకునేది. అత్త తిడుతుంటే పక్కన కూర్చుని, తరవాతేంటి అత్తా అని అడిగేది. కోడలలా నవ్వుతుంటే ఏం తిట్టబుద్ధేస్తుంది? అత్త మానేసింది. చూరు కూడా బాగుచేయించారు.

దాంతో ఒకరోజు చెప్పడానికి ఏ కష్టమూ దొరకలేదు. ఆ రోజే పైడమ్మకి జ్వరం తిరగబెట్టింది. మళ్ళీ గోడవైపు తిరిగి, ఇంక నావల్ల కాదే అని చెంచా తోసేసింది.

నూకాలుకి ఏడుపు ఆగలేదు. ఇవాళ నాకు ఒకే ఒక్క కష్టముందే, నీతో అనకూడదని దాచుకున్నాను అంది. నువ్వు పోతే రేపు గేదె తన్నిన సంగతి నేనెవరితో చెప్పుకోను? ఇన్నేళ్ళూ సణిగానంటే వినడానికి నువ్వున్నావనే కదే, ఆ భాగ్యం నాకిప్పటిదాకా తెలీలేదు అని మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చింది.

పైడమ్మ ఇటు తిరిగి బొంత దగ్గరికి లాక్కుంది. తరవాత, ఈ ముక్క నేను కుడతాను, నన్ను లేపి కూర్చోబెట్టు అంది. నూకాలు భుజానికి జారబడి ఇద్దరాడవాళ్ళ బొమ్మ కుట్టడం మొదలెట్టింది. ఒకత్తికి ఇంత నోరు, రెండోదానికి చేటలంత చెవులు. సగం అయ్యేసరికి చేతిలోంచి సూది జారిపోయింది. అప్పుడు తనే అడిగిందట, చేతిలో సత్తువ లేదే, ఆ జావ ఇలా తే, చెవులు పూర్తిచెయ్యాలి అని.

గిన్నె ఖాళీ అయింది. నెమ్మదిగా మనిషి కోలుకుంది. ఇద్దరూ ముసలాళ్ళయ్యేదాకా ఒకరి గుమ్మంలో ఒకరు కూర్చుని సణుక్కుంటూ హాయిగా ఉన్నారు.

అందుకేనర్రా, గేదె తన్నిందంటే ఇంట్లో గేదె ఉన్నట్టు, దాని దగ్గరికి వెళ్ళే కాళ్ళు మనకున్నట్టు. ఊ కొట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టి నాకూ ఈ కథ ఉంది. కథేమో కంచి దారి పట్టింది, మనం నిద్రలోకి జారుకుందాం.