బండి కదిలితే అమ్మకమేనా?

పూర్వం మాణిక్యప్ప అనే మందుల వర్తకుడు, బండ్లు కొట్టు దాటగానే సరుకంతా అమ్ముడైనట్టు రాయించి గొప్పలు పోయేవాడు. కొత్త గుమాస్తా చెంచయ్య మాత్రం ఊళ్లలో వైద్యులు కొన్నంతే అమ్మకంగా రాశాడు. మిగిలింది తిరిగొచ్చేదే కదా! దాంతో లెక్కల్లో లాభం సగమైంది.

"వీడికి లెక్కలు రావు. ఇంకెక్కడా పని దొరక్కుండా చేయండి!" అని మాణిక్యప్ప సంస్థానం దివానుకు ఫిర్యాదు రాసిచ్చాడు.

దివాను చెంచయ్యను పిలిపించి, మాణిక్యప్ప ఎదుటే సంగతి అడిగాడు. చెంచయ్య యజమానితో నెమ్మదిగా అన్నాడు: "లెక్క దిద్దేస్తానయ్యా. సరుకు అమ్ముడయ్యాకే కూలి అని మీరన్నారని బండివాళ్లు ఇరవైమంది కొట్టు వాకిట్లో కాచుకున్నారు. బండి కదిలినప్పుడే అమ్ముడైపోయిందని చెప్పి వాళ్లను కూలికి పిలవనా?"

"ఆగరా! వైద్యులు కొనందే అమ్మకమెలా అవుతుంది?" అని అరిచాడు మాణిక్యప్ప.

"అదే కదయ్యా అతను రాసింది!" అంటూ దివాను ఫిర్యాదు కాగితం మడిచి తిరిగిచ్చేశాడు.