కనుమ సత్రంలో పూలతోట

అనగా అనగా కొండల మధ్య ఒక కనుమ దారి. రెండు రాజ్యాలను కలిపే ఆ దారి నడుమ ఒక రాతి సత్రం. దాన్ని కట్టించింది రాజు. చూసుకునేది ఓబులమ్మ.

భర్త పోయినప్పటి నుంచి సత్రం భారమంతా ఓబులమ్మదే. బాటసారులకు గంజి కాచి పోసేది. బండెడ్లకు నీళ్ళు పెట్టేది. ఆమెకు వేరే ఇల్లు లేదు. పోయి తలదాచుకోవడానికి పుట్టింటివాళ్ళూ లేరు.

ఒక వేసవిలో రాణి చంద్రప్రభాదేవి ఎక్కడికో ప్రయాణమై పోతూ ఆ సత్రంలో దిగింది. పల్లకి దిగి చుట్టూ చూసింది. ఎటు చూసినా రాళ్ళే, ఎండే. తలలో తురుముకోవడానికి పువ్వు లేదు. నిలబడటానికి నీడ లేదు.

"ఇంతమంది వచ్చిపోయే చోట ఒక్క మొక్కయినా లేదేమిటి ఓబులమ్మా? ఇక్కడొక తోట పెంచు. మళ్ళీ ఈ దారిన వచ్చినప్పుడు చూస్తాను" అంది.

రాణి అన్నది అంతే. సత్రాల అధికారి కేశవయ్య మాత్రం పల్లకి కదిలాక వెనక్కి తిరిగి వచ్చాడు.

"విన్నావు కదా! రాణిగారు వచ్చేసరికి తోట కనబడకపోతే ఈ సత్రానికి ఇంకొకరిని చూస్తాను" అన్నాడు.

ఓబులమ్మ ఆ సాయంత్రమే వాకిట్లో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

తొలకరి పడగానే సంతకు పోయింది. విత్తనాలమ్మే అతను "బంతి వెయ్యమ్మా, చేమంతి వెయ్యి. కంటికి నిండుగా ఉంటాయి" అన్నాడు. అతను చెప్పింది నిజమే. చలికాలం వచ్చేసరికి వాకిలంతా పసుపు ఆరబోసినట్టయింది. బాటసారులు ఆగి ఆగి చూశారు. కానీ రాణి రాలేదు. మంచు పోయి ఎండ ముదిరింది. పూలు రాలాయి, మొక్కలు కట్టెలయ్యాయి. ఓబులమ్మ వాటిని పీకి పొయ్యిలో పెట్టింది.

ఆ సంగతి కేశవయ్యకు తెలిసింది. రాచతోట నుంచి గులాబీ అంట్లు బండిలో వేసి పంపించాడు. "ఇవి రాణిగారికి ఇష్టమైనవి. ఒక్కటి చచ్చినా ఊరుకోను" అని కబురు పెట్టాడు.

గులాబీలకు పొద్దున నీళ్ళు కావాలి, సాయంత్రం నీళ్ళు కావాలి. నడివేసవికి సత్రం బావి అడుగంటింది. ఒక మధ్యాహ్నం ఒక బండివాడు వచ్చాడు. ఎడ్లు రెండూ నురగలు కక్కుతున్నాయి.

"అమ్మా, కాసిని నీళ్ళుంటే వీటికి పొయ్యి తల్లీ" అని అడిగాడు.

బావిలో ఒక్క కడవ నీళ్ళే ఊరాయి. ఓబులమ్మ ఎడ్లను చూసింది, గులాబీలను చూసింది, కేశవయ్య కబురు తలుచుకుంది.

"కాసేపు ఆగు నాయనా, ఊట ఊరనీ" అని, ఆ కడవ గులాబీలకు పోసింది.

బండివాడు ఎద్దు మెడ నిమిరి బండి తోలుకుని పోయాడు. ఆ రాత్రి ఓబులమ్మ అన్నం ముట్టలేదు. మరునాటి నుంచి నీళ్ళు మనుషులకూ ఎడ్లకూ మాత్రమే ఇచ్చింది. వడగాలికి గులాబీలు మాడిపోయాయి.

ఇక తోట మాట మరిచి, వంటచెరకు కోసం కొండ అవతలికి పోయింది. అక్కడ ఒక పాడుబడ్డ ఊరుంది. నీళ్ళు చాలక జనం ఎప్పుడో వదిలి వెళ్ళారు. ఇళ్ళు కూలాయి, గోడలు కరిగాయి. కానీ ఒక వాకిట్లో దేవగన్నేరు గుత్తులు గుత్తులుగా పూసి ఉంది. ఒక పెరట్లో నందివర్ధనం తెల్లగా నవ్వుతోంది. ఇంకొక ఇంటి ముందు పొగడచెట్టు దట్టంగా నీడ పరిచింది.

"మీకు నీళ్ళెవరు పోశారే?" అని ఓబులమ్మ పైకే అడిగింది. బదులు చెప్పేవాళ్ళెవరూ లేరు. వాటిని నాటినవాళ్ళ పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. ఆ పొగడ నీడలో ఆమె చాలాసేపు కూర్చుంది.

వంటచెరకుతో పాటు దేవగన్నేరు కొమ్మలూ, నందివర్ధనం కొమ్మలూ, పొగడ కింద మొలిచిన చిన్న మొక్కలూ తెచ్చుకుంది. వానలు పడగానే నాటింది. బాటసారులు చేతులు కడిగిన నీళ్ళు పాదుల్లోకి మళ్ళించింది.

వానలు తగ్గాక కేశవయ్య గుర్రం మీద వచ్చాడు. వాకిట్లో మొండి కొమ్మలు, వాటి కొసన నాలుగేసి ఆకులు.

"ఇదేం తోట? కట్టెలు పాతిపెట్టావా?"

"వేరు పట్టాయయ్యా. పూయడానికి ఇంకా కాలం పడుతుంది."

"రాణిగారు రేపే వస్తున్నారు! సరే, పట్నం నుంచి పూలు తెప్పిస్తాను. కొమ్మకొమ్మకూ కట్టు. ఆమె ఉండేది ఒక పూట. నీ కొలువూ నిలుస్తుంది, నా పరువూ దక్కుతుంది."

కొలువు పోతే ఎక్కడికి పోవాలో ఓబులమ్మకు తెలియదు. అయినా

"దారంతో కట్టిన పూలను చూపించి తోట అని చెప్పలేనయ్యా" అంది.

"అయితే మూట కట్టుకో."

ఆమె మూట కట్టుకుని గడప పక్కన పెట్టుకుంది.

మరునాడు రాణి వచ్చింది. మొక్కల మధ్య నడిచింది. "పూలేవి ఓబులమ్మా?" అని అడిగింది.

"ఈ ఏడు లేవు తల్లీ. ముందు బంతీ చేమంతీ వేశాను, ఎండిపోయాయి. గులాబీల కోసం నోరులేని ఎడ్లకు నీళ్ళు లేకుండా చేశాను, అవీ దక్కలేదు. ఇవి కొండ అవతల ఎవరూ చూడకపోయినా బతికినవి. ఈ నేలకు ఇవే తగినవని తెచ్చాను."

"మరి పై ఏడు నేను రాలేకపోతే?"

"మీరు రాకపోయినా పూస్తాయి తల్లీ."

రాణి ఆ మొండి కొమ్మలను మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత కేశవయ్య వైపు తిరిగింది.

"నాకు చూపించడానికి పూచే తోటలు కోటలో చాలా ఉన్నాయి. దారినపోయేవాళ్ళ కోసం పెరిగేది ఇదొక్కటే. ఈమె ఉన్నంతకాలం సత్రం ఈమెదే" అంది.

మరు వేసవికి దేవగన్నేరు పూసింది. ఆ వెనకే నందివర్ధనం పూసింది. పొగడ మాత్రం ఓబులమ్మ జుట్టు నెరిసేదాకా తీరిగ్గా పెరిగింది. ఆ తర్వాత ఒక పెద్ద కరువు వచ్చింది. రాచతోటలు ఎండిపోయాయి. సత్రం చెట్లు ఆకులు రాల్చినా చావలేదు. బావిలో ఊరిన ప్రతి చుక్కా మనుషుల దాహానికీ ఎడ్ల దాహానికీ అందింది. రాణి ఆ దారిన మళ్ళీ రాలేదు. అయినా ఎండపూట పొగడ కింద చోటు కోసం బళ్ళు వరసగా ఆగేవి.

కనుక పిల్లలూ, వాకిట మొక్క నాటేవారు దాని పువ్వు అందం కంటే ముందు, అది తమ నేలలో తమ నీళ్ళతో కలకాలం బతకగలదా అన్నది చూసుకోవాలి.