దివాన్‌గారు ఆదా చేసిన కరెంటు

కుంతిపురం రాజావారు చిత్రభాను దేవుగారికి కరెంటంటే ప్రాణం. కొండవాగుకి అడ్డకట్ట వేయించి, ఆ మడుగు నీళ్లతో డైనమో తిప్పించి, దర్బారులో మూడు వందల బల్బుల షాండ్లియర్ వేలాడదీశారు. పట్టపగలు కూడా అది వెలుగుతూనే ఉండాలి. లేకపోతే రాజెవరో జనానికి ఎలా తెలుస్తుంది!

ఎండలు ముదిరాయి, వాగు సన్నబడింది. ఒకరోజు దర్బారు నడుస్తుండగానే బల్బులన్నీ ఎర్రబడి గుడ్డిగా వెలగడం మొదలెట్టాయి. రాజుగారికి జనం మీద కోపం వచ్చింది.

"ఊళ్లో అందరూ కరెంటు తెగ వాడేస్తున్నారు! ఇకమీదట మడుగు గట్టున ఒక గీత గీయండి, నీళ్లు ఆ గీత కిందకి దిగితే గంట కొట్టండి. ఆ రోజు ఎవరు ఎంత తగ్గిస్తే యూనిట్టుకో వెండి రూపాయి ఇస్తాం. అందరికంటే ఎక్కువ తగ్గించినవాడికి బంగారు కడియం!"

షాండ్లియర్ ఆర్పుదామని ఎవరూ అనలేదు. ఉద్యోగాలు ఎవరికి చేదు?

"తగ్గించడమంటే దేనికంటే తగ్గించడం ప్రభూ?" అన్నాడు పైడయ్య. సంస్థానంలో మీటర్లు చూసేది అతనే. నోరు కాస్త దురుసు, లెక్క మాత్రం నిక్కచ్చి.

దివాన్ భైరవమూర్తి మీసం సవరించుకున్నాడు. "అంతకు ముందు పది రోజుల వాడకం చూడు. గంట మోగిన రోజు వాడకం చూడు. ఆ తేడాయే తగ్గింపు. దీనికింత బుర్ర బద్దలుకొట్టుకోవాలా?"

రాజుగారు భేష్ అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు దివాన్‌గారి మనసంతా తన ధాన్యం మిల్లు మీదే ఉందని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

మర్నాటి నుంచి మిల్లు మొదలైంది. ఎండాకాలమంతా తాళం వేసి ఉండే మిల్లు, ఆపకుండా ఒకటే ధడధడ. పదకొండో రోజు పొద్దున మడుగులో నీళ్లు గీత దిగాయి. గంట మోగింది. మోగీ మోగగానే మిల్లు ఆగింది.

ఆ మర్నాడు దర్బారులో పైడయ్య మీటరు పుస్తకం తెరిచాడు.

"దివాన్‌గారి మిల్లు. పది రోజులూ రోజుకి రెండు వందల యూనిట్లు. నిన్న సున్న. కానీ ప్రభూ, ఇది తగ్గింపు కాదు. ఆ మిల్లు ఉత్తినే తిరిగింది. ఆ తిరుగుడికే మడుగు ఎండి గంట మోగింది. కొంప అంటించినవాడికి నీళ్లు పోసిన కూలి ఇస్తున్నాం!"

దివాన్ భగ్గుమన్నాడు. "ఉత్తినే తిరిగిందా? పై ఊళ్ల నుంచి బళ్లకొద్దీ ధాన్యం తెప్పించి ఆడించాను! వీడికి నేనంటే కుళ్లు ప్రభూ. మీటర్ల గది తాళాలు మా బావమరిదికి ఇప్పించండి, పీడ వదిలిపోతుంది."

"పైడయ్యా, దివాన్ మీద నింద వెయ్యడమంటే మాటలు కాదు," అన్నారు రాజుగారు. "రేపు దర్బారు ముగిసేలోగా రుజువు చెయ్యి. లేదా తాళాలు అప్పగించి వెళ్లిపో."

పైడయ్యది ఇరవై ఏళ్ల కొలువు, ఇంట్లో తినేవాళ్లు ఆరుగురు. మిల్లు గేటు దగ్గరేమో కాపలా, లోపలికి తొంగి చూడనివ్వరు. దిగాలుగా నడుస్తుంటే ఏనుగుశాల దగ్గర మావటి సన్యాసి కనిపించాడు. పట్టపు ఏనుగు రంభకి ఎండుగడ్డి వేస్తూ ఎవరినో తిట్టుకుంటున్నాడు. పైడయ్య ఆగి రెండు మాటలు అడిగాడు. ఆ తర్వాత ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాడు.

మర్నాడు సభలో పైడయ్య దివాన్‌కి వంగి దణ్ణం పెట్టాడు.

"తప్పయింది దివాన్‌గారూ, తమ శ్రమ తెలీక నోరు జారాను. పది రోజుల్లో ఎన్ని బళ్ల ధాన్యం ఆడించారో సెలవిస్తే పుస్తకంలో రాసేస్తాను. కిందొక సంతకం పెట్టండి చాలు."

దివాన్ పొంగిపోయాడు. "రోజుకి పాతిక బళ్లు. మొత్తం రెండు వందల యాభై. రాసుకో!"

సంతకం గీశాడు. తడి ఆరకముందే పైడయ్య గుమ్మం వైపు తిరిగాడు. "సన్యాసీ, తీసుకురావోయ్!"

రంభ వచ్చి దర్బారు మెట్ల దగ్గర నిలబడింది. తొండం మాత్రం లోపలికి చాచింది.

"ఏనుగెందుకయ్యా?" అన్నారు రాజుగారు.

"తనకి రావలసింది అడగడానికొచ్చింది ప్రభూ. మిల్లులో బండి ధాన్యం ఆడిస్తే పట్టపు ఏనుగుకి గంపెడు తవుడు పంపాలని మీ తాతగారు పెట్టిన కట్టుబాటు. సన్యాసీ, ఈ పది రోజుల్లో ఎన్ని గంపలు అందాయి?"

"ఒక్క గంపా రానేదు బాబూ! పది దినాలై ఎండుగడ్డే. ఎలా సిక్కిపోనాదో సూడండి!"

రాజుగారి ముఖం ఎర్రబడింది. "రంభ నోటి దగ్గర తవుడు లాగేస్తారా? అలాంటివాడి మిల్లు జప్తు చెయ్యాలని కూడా మా తాతగారే రాశారు!"

పైడయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ధాన్యం ఆడిస్తే తవుడేదీ? తవుడు లేకపోతే ఆడించిందేమిటి?"

కడియం కోసం చూస్తే మిల్లు పోయేలా ఉంది. దివాన్ తల వంచుకున్నాడు. "ధాన్యం లేదు ప్రభూ. మిల్లు... ఉత్తినే తిప్పాను."

సభంతా గొల్లుమంది.

"అయితే ఆ రెండు వందల యాభై గంపల తవుడూ నువ్వే కొని రంభకి పెట్టు. నీ చేత్తోనే పెట్టు," అన్నారు రాజుగారు. "తాళాలు పైడయ్య దగ్గరే ఉంటాయి."

రాజుగారికి హుషారొచ్చింది. ఒక్క సైగ చేశారు, షాండ్లియర్ ఆరిపోయింది.

"చూశావా పైడయ్యా! మేమూ మూడు వందల బల్బులు తగ్గించాం. మాకెంత రావాలో లెక్క కట్టు."

పైడయ్య చెవి మీది పెన్సిలు తీసి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

"చిత్తం ప్రభూ. ముందు దీన్ని పట్టపగలు ఎందుకు వెలిగించారో సెలవివ్వండి."

రాజుగారు పైకి చూశారు. కిటికీలోంచి ఒళ్లో పడుతున్న ఎండ వైపు చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే బంగారు కడియం తీసి పైడయ్య చేతికి తొడిగారు. దర్బారు ముగిసేసరికి బయట మెట్ల దగ్గర దివాన్‌గారు మొదటి గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. రంభ ఇంకా తొండం చాచే ఉంది.